ఆ ఒక్క పేపర్లో లేని గుర్తు

మార్జిన్ మాస్టారి ట్యుటోరియల్ పిల్లల ఫలితాలను బోర్డు వాళ్ళు ఆపేశారన్న కబురు దగ్గర కిందటి వారం మనం ఆగాం. ఎందుకు ఆపారో ఊళ్ళో ఇప్పుడు అందరికీ తెలుసు. ప్రతి జవాబు చివరా రెండు గీతలు, వాటి మధ్య చిన్న డైమండు. ఒక పేపర్లో ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో, వరసగా ఆ ట్యుటోరియల్ పిల్లలందరి పేపర్లలోనూ ఉంది. రాసిందెవరో తెలిసేలా జవాబు పత్రం మీద ఏ గుర్తూ ఉండకూడదన్నది రూలు. గుర్తు పెట్టారంటే దిద్దేవాళ్ళతో ముందే మాట్లాడుకుని ఉంటారని బోర్డు అనుమానం. రేపు విచారణ. అది మాస్టారు నేర్పిన గుర్తేనని తేలితే పిల్లలు గట్టెక్కుతారు, మాస్టారు మునుగుతారు. పిల్లలు సొంతంగా పెట్టుకున్నారని తేలితే రెండేళ్ళపాటు వాళ్ళు పరీక్ష హాలు గుమ్మం ఎక్కడానికి లేదు.

ట్యుటోరియల్ మొత్తం మీద పేపర్లో ఆ గుర్తు లేని ఒక్కరి ఫలితం మాత్రం వచ్చింది. మాస్టారి కూతురు అమ్మడిది.

ఇంత గండం నెత్తిన పెట్టుకుని, ఆ సాయంత్రం ఆ ఇంట్లో గొడవ జరిగింది బట్టల క్లిప్పుల గురించి.

దండెం మీద మాస్టారి తెల్ల చొక్కాకి ఒక భుజాన ఎర్ర క్లిప్పు, రెండో భుజాన నీలం క్లిప్పు ఉన్నాయి. ఒక బట్టకి ఒకే రంగు క్లిప్పులు పెట్టాలన్నది ఆయన పెళ్ళయిన కొత్తలోనే పెట్టిన నియమం. ఆయన ఆ రెండు క్లిప్పులనూ ఊడదీసి, దొంగలను పట్టుకొచ్చినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. కంటికి ఇంపు లేని ఇంట్లో బుద్ధికి తీరు ఎక్కడినుంచి వస్తుందని భార్యను నిలదీశారు.

మూలన కుర్చీలో కూర్చున్న అత్తగారు ఊరుకోలేదు. "మీ నాన్న చొక్కాలు కిటికీ ఊచలకి ఆరేసుకునేవాడురా. ఏ చొక్కా కూడా అలిగి వెళ్ళిపోలేదు" అంది.

భార్య నవ్వబోయి ఆపుకుంది. ఆవిణ్ణి ట్యుటోరియల్ పిల్లలు ఎదురుగా పిన్ని అని, చాటున మలాం పిన్ని అని అంటారు. ముందు గదిలో మాస్టారి స్టీలు స్కేలు తన పని తాను చేశాక, పిల్లలు మంచినీళ్ళ వంకతో వెనక్కి వచ్చేవారు. పిన్ని వాళ్ళ వేళ్ళకి మలాం రాసి, చెంపలు తుడిచి పంపేది. ఎందుకు కొట్టారని అడిగేది కాదు. గీత వంకరపోయి ఉంటుంది, మార్జిన్ దాటి ఉంటుంది, అంతకన్నా ఏముంటుందిలే అనుకునేది.

ఎదురు తిరిగింది అమ్మడు. ఫలితం తెలిసినప్పటినుంచి ఆ పిల్ల సరిగ్గా అన్నం తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చి తండ్రి చేతిలోని క్లిప్పులు లాక్కుని నేలకేసి కొట్టింది.

"అందరికీ ఒకే గుర్తు పెట్టించి ఏం చేశారో చూశాం కదా నాన్నా. క్లిప్పుల్నైనా వదిలెయ్యండి" అంది.

మాస్టారి చెయ్యి లేచింది. అది కిందికి దిగేలోపు వీధి గేటు గోడకి కొట్టుకున్న చప్పుడైంది.

వచ్చినవాడు వీధి చివర షెడ్డు మెకానిక్. ఒంటి మీద గ్రీజు బట్టలు, చేతిలో చక్రాలు విప్పే పొడవాటి స్పానరు. వెనకాలే అతని కూతురు. పుల్లలా ఉంటుందని ట్యుటోరియల్లో తోటి పిల్లలు పెన్సిల్ అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడిపోయింది. తల్లి లేని పిల్ల. చేతిరాత మాత్రం ముత్యాల వరస.

అతను నేరుగా ముందు గదిలోకి నడిచాడు. ఆ గదిలో బల్లలు, నల్లబల్ల, గోడ వారగా ఒక అద్దాల బీరువా ఉంటాయి. బీరువాలో మాదిరి జవాబు పత్రాలను వరసగా నిలబెట్టి ఉంచేవారు మాస్టారు. చూడముచ్చటగా ఉంటాయి. ఎడమ పక్క రెండు వేళ్ళ మార్జిన్. ప్రశ్న నంబరు మార్జిన్‌లో, జవాబు బయట. ప్రతి పెద్ద జవాబూ కొత్త పేజీలో. పేరాకీ పేరాకీ మధ్య ఒక గీత ఖాళీ. తప్పు రాస్తే ఒకే ఒక్క అడ్డగీత, దిద్దుళ్ళు లేవు. బొమ్మ పెన్సిల్‌తో, పేర్లన్నీ కుడివైపు ఒకదాని కింద ఒకటి. "దిద్దేవాడు అలిసిపోయిన మనిషి. వాడి కంటికి నువ్వు కాస్త విశ్రాంతి ఇయ్యి, వాడు నీకు మార్కు ఇస్తాడు" అని మాస్టారు చెప్పేవారు. మాట నిజమే. ఆ పద్ధతి మీదే ఎందరో అత్తెసరు పిల్లలు ఒడ్డున పడ్డారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

మెకానిక్‌ను చూసి, వంటింట్లోంచి వచ్చిన మాస్టారు మొదట అన్న మాట ఏమిటంటే, "చెప్పులు బయట వదిలి రా."

మెకానిక్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత స్పానరు ఎత్తి అద్దాల బీరువా మీద వేశాడు. అద్దం భళ్ళున పగిలి గది నిండా పడింది. రెండో దెబ్బకి పైఅర విరిగి జవాబు పత్రాలు గాజుపెంకుల మీదికి జారాయి. అతను వాటిని ఆ చెప్పులతోనే తొక్కుకుంటూ వచ్చి ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ డైమండు పెట్టమన్నది మాస్టారా, కాదా.

"నేను నీట్‌గా రాయడం నేర్పాను. గుర్తులు నేర్పలేదు" అన్నారు మాస్టారు. గొంతు వణకలేదు. రేపు బోర్డు వాళ్ళ ముందు చెప్పబోయే మాట ఇదేనని, ఆయన అప్పుడే దాన్ని సాధన చేస్తున్నారని గుమ్మంలో నిలబడ్డ పిన్నికి అర్థమైంది.

మెకానిక్ ఆయన కాలరు పట్టుకున్నాడు. మాస్టారు బల్ల మీది స్టీలు స్కేలు అందుకుని అంచుతో కొట్టారు. పిల్లలను కొట్టీ కొట్టీ ఆయనకి అంచు ఎక్కడ తగిలితే ఎంత తెగుతుందో చేతికే తెలుసు. మెకానిక్ కనుబొమ చీరుకుపోయి కంటి నిండా నెత్తురు కమ్మింది. అతను స్పానరు కింద పడేశాడు. జాలితో కాదు, రెండు చేతులూ కావలసొచ్చి. మాస్టారిని ఎత్తి నల్లబల్లకేసి కొట్టాడు. తల తగిలిన చోట బల్ల నెర్రె విచ్చింది. సుద్దపొడి లేచింది. మళ్ళీ కొట్టాడు. తర్వాత గొంతు పట్టుకున్నాడు.

పిన్ని పరుగెత్తింది. ఆ చేతిని రెండు చేతులతో పట్టి గుంజింది. అది చెట్టు మానులా కదల్లేదు. మెకానిక్ ఆమెవైపు చూడనైనా చూడకుండా మోచేత్తో విదిలించాడు. వెనక బల్ల అంచు నడుముకి తగిలి ఆమెకి ఊపిరి ఆగినంత పనైంది. అక్కడినుంచే చూసింది. భర్త కాళ్ళు నేలకి ఆనడం లేదు. ముఖం నల్లబడుతోంది. వంటింటి గుమ్మంలో అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడు పెన్సిల్ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నాన్నా, వదులు. ఆయన పోతే రేపు నిజం ఎవరు చెప్తారు?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మెకానిక్ వేళ్ళు వదులయ్యాయి. మాస్టారు గోడ వెంబడి జారి గాజుపెంకుల్లో కూలబడి, నీళ్ళలోంచి పైకి తీసినవాడిలా గాలి కోసం ఎగబీల్చారు.

పెన్సిల్ ఆయన ముందు నిలబడి కుడి చెయ్యి చాపింది. ఉంగరం వేలు నడిమి కణుపు దగ్గర పక్కకి వంగి ఉంది. ఆ వేలు పిన్నికి తెలుసు. ఒకరోజు అది వాచి నల్లబడి వస్తే మలాం రాసి గుడ్డ చుట్టింది.

ఆ పిల్ల చెప్పింది విన్నాక పిన్నికి నడుము నొప్పి గుర్తులేదు. బీరువాలోని ఒక జవాబు పత్రం అట్ట మీద అచ్చువేసిన సూచనలు చదివిందట పెన్సిల్. లోపల ఎలాంటి గుర్తులూ పెట్టరాదని అక్కడ స్పష్టంగా ఉంది. మాస్టారికి తెలియదేమో, చెబితే మెచ్చుకుంటారని ఆశపడి, ఆ అట్ట పట్టుకొచ్చి చూపించింది. డైమండు పెట్టకూడదేమో సార్ అంది. ఆయన తలుపు వేసి రమ్మన్నారు. చెయ్యి బల్ల మీద పెట్టమన్నారు. స్కేలు అంచు తిప్పారు. ఆ మాట మళ్ళీ నోట రాకూడదని, రేపటినుంచి అందరికన్నా అందమైన డైమండు ఆమె పేపర్లోనే కనబడాలని చెప్పారు. తలుపులో వేలు నలిగిందని ఇంట్లో చెప్పమన్నారు. ఆ వంకర వేలితోనే పరీక్షలన్నీ రాసింది. ప్రతి జవాబు కిందా ఆయన చెప్పినట్టే పెట్టింది.



మెకానిక్ కంటి మీది నెత్తురు భుజంతో తుడుచుకుని గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ అమ్మడు నిలబడి ఉంది.

"నీ పేపర్లో ఎందుకు లేదమ్మా?" అని అడిగాడు. ఆ ఒక్క పిల్లతో మాత్రం అతని గొంతు మామూలుగా ఉంది.

అమ్మడు తండ్రికేసి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. పిల్ల చూసింది, అయినా ఆగలేదు.

"మొదటి పరీక్ష రోజు పొద్దున నాన్న వద్దన్నారు" అంది. "నా గీతలు వంకరగా ఉంటాయి కదా, డైమండు పెట్టే అర్హత నాకు లేదేమో అనుకున్నాను. బస్సెక్కాక కూడా ఏడ్చాను."

పిన్నికి ఆ పొద్దుట సంగతి జ్ఞాపకమొచ్చింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉంటే పరీక్ష భయమనుకుని పంపేసింది. తెలియక చేసిన మనిషికి తన పిల్లను తప్పించాలని ఎలా తోస్తుంది?

మెకానిక్ వంగి స్పానరు తీసుకున్నాడు. మాస్టారు చేతులు అడ్డం పెట్టుకున్నారు. అతను కొట్టలేదు. రేపు విచారణలో మాట తేడా వస్తే మళ్ళీ వస్తానని, అప్పుడు కూతురిని వెంట తీసుకురానని చెప్పాడు. పెన్సిల్ అతని చొక్కా అంచు పట్టుకుని నడిపించుకు వెళ్ళింది. గేటు దగ్గర చూపు ఆనక అతను స్తంభానికి గుద్దుకోబోతే, ఆ వంకర వేలున్న చేత్తోనే పక్కకి లాగింది.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, మాస్టారు లేచారు. గొంతు పట్టేసి మాట రాలేదు. మాట రాని కోపం చేతుల్లోకి దిగింది. స్కేలు తీసుకుని అమ్మడి మీదికి వెళ్ళారు. మొదటి దెబ్బ పిల్ల భుజం మీద పడింది. రెండోది చెవి పక్కగా గోడకి తగిలి ఖంగుమంది. మూడోదాన్ని పిన్ని గాలిలోనే పట్టుకుంది.

అంచు అరచేతిలో దిగింది. అయినా వదల్లేదు. ఇద్దరి మధ్యా ఆ స్కేలు అటూ ఇటూ కోసుకుంటూ ఊగింది. నెత్తురు మోచేతి దాకా కారింది. మంట మొదలవకముందే ఆమె ఒక్క గుంజు గుంజింది. స్కేలు ఆమె చేతికి వచ్చింది.

మాస్టారు చెయ్యి చాపారు, ఇచ్చెయ్యమన్నట్టు. ఆ చాపిన చేతి వేళ్ళ మీద పిన్ని అంచుతో ఒక్క దెబ్బ కొట్టింది.

ఆయన కేక పెట్టి చెయ్యి చంకలో దాచుకున్నారు, అచ్చం పిల్లల్లాగే. కొట్టడం ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. రెండో దెబ్బకి చెయ్యి దానంతటదే లేస్తుంటే ఆమెకి తన మీద తనకే భయం వేసింది. స్కేలును కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది.

తర్వాత, అమ్మడిని లోపలికి పంపి, ఒకే మాట అడిగింది. ఆ గుర్తు పట్టుబడుతుందని మీకు ముందే తెలుసా?

ఆయన గొంతు పట్టుకుని ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చారు. దిద్దేవాళ్ళలో ఎందరో తన పాత స్నేహితులు. డైమండు కనబడితే ఫలానావాడి పిల్లలని తెలిసి చెయ్యి కాస్త వదులు చేసేవారు. అందులో తప్పేముంది, పిల్లలకి మంచే కదా. ఈసారి పరీక్షల ముందు రోజు వాళ్ళలో ఒకాయన కబురు చేశాడు, గుర్తుల కోసం గాలిస్తున్నారు జాగ్రత్త అని. అందరికీ చెప్పి ఉండాల్సిందే. కానీ అప్పటికప్పుడు పెట్టొద్దంటే ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టించారని అడగరా? తన నోటితో తానే ఒప్పుకున్నట్టు అవదా?

"అందుకని మన పిల్లకి మాత్రం చెప్పారు" అంది పిన్ని.

"తండ్రిని కదా" అన్నారాయన.

ఆమె లోపలికి వెళ్ళింది. చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్చింది.

దీపాలు పెట్టే వేళకి అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. ఏది ఏమైనా ఆ ఇంట్లో భోజనం వేళ తప్పదు. పిన్ని ఎడమ అరచేతికి గుడ్డ కట్టుకుని కుడిచేత్తో వడ్డించింది. మాస్టారి మెడ మీద నాలుగు వేళ్ళ వాతలు ఊదారంగు తేలాయి. వాచిన వేళ్ళతో ముద్ద కలపలేక చెంచా అడిగారు. అమ్మడు భుజం కదపకుండా కూర్చుంది. అత్తగారు పళ్ళెంలోకి చూస్తూ, ఏనాడూ లేనిది, కూరలో ఉప్పు గురించి కూడా ఏమీ అనలేదు.

రెండు చెంచాలు మింగాక మాస్టారు తన నిర్ణయం చెప్పారు. రేపు అమ్మడు ఆయనతో పాటు విచారణకి వస్తుంది. ఆ డైమండు మెకానిక్ కూతురు తెచ్చిపెట్టిన పిచ్చి అని, ఆ పిల్లే అందరికీ నేర్పిందని, తాను వద్దన్నా మిగతావాళ్ళు వినలేదని బోర్డు వాళ్ళకి చెబుతుంది. అమ్మడి పేపరు శుభ్రంగా ఉంది కాబట్టి ఆమె మాటకి విలువ ఉంటుంది. ఒక్క పిల్లతో పోతుంది, ట్యుటోరియల్ నిలబడుతుంది. పాఠం చెబుతున్నంత వరసగా చెప్పుకొచ్చారు.

అమ్మడి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

పిన్ని గరిటె గిన్నెలో పెట్టి, తన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆయన తినడం పూర్తవకుండా ఆమె ఆ బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు.

"అమ్మడు మీతో రాదు. రేపు నేను వెళ్తున్నాను" అంది. "గుర్తు ఎవరు నేర్పారో, ఎవరి వేలు ఎందుకు విరిచారో, ఎవరితో మానిపించారో చెప్తాను. ఆ పిల్లనీ వాళ్ళ నాన్ననీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్తాను."

మాస్టారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. చెంచా కింద పెట్టి నెమ్మదిగా అడిగారు. "ముందే తెలిసి తప్పుకున్న పిల్లని బోర్డు వాళ్ళు వదిలేస్తారా? అందరికన్నా ముందు దాని ఫలితమే కొట్టేస్తారు. అందరి పిల్లల్నీ కాపాడదామని నీ పిల్ల పీక నువ్వే నొక్కుతావన్నమాట."

పిన్నికి ఆ సంగతి తట్టలేదు. గరిటె కోసం చెయ్యి వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది. కూతురి ముఖంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు.

అమ్మడు నోట్లో ముద్ద మింగింది. మంచినీళ్ళు తాగింది.

"పోతే పోనీ అమ్మా. మళ్ళీ రాస్తాను" అంది. "నేనూ నీతో వస్తున్నాను."

అత్తగారు తలెత్తి మొదటిసారి కొడుకు ముఖంలోకి సూటిగా చూసింది. ఆయన ఎవరివైపూ చూడలేదు. లేచి చెయ్యి కడుక్కున్నారు. తాను కూర్చున్న కుర్చీని ముందు గదిలోకి ఈడ్చుకుపోయి వీధి తలుపుకి అడ్డంగా వేశారు. తలుపు గడియ పెట్టి తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని, ఇంట్లోవాళ్ళకి ఎదురుగా కూర్చున్నారు.